జిల్లా పేజీ మీద ఊరివాళ్ల అభిప్రాయాలు సేకరించడం ఎలా

రాష్ట్ర రాజకీయాలను ఒక పత్రిక రాసిన తీరు మీద గంటసేపు వాదించగల పాఠకుడు, తన మండలం వార్తలు వచ్చే జిల్లా పేజీ దగ్గరకు వచ్చేసరికి "మనది వేశారు", "మనది వేయలేదు" అన్న రెండు మాటలతో ఆగిపోతాడు. ఆ రెండు మాటల వెనుక చాలా ఉంటుంది. తాగునీటి ట్యాంకు గురించి మూడుసార్లు చెప్పినా అచ్చుకాని వార్త ఉంటుంది, ప్రమాదంలో పోయిన కొడుకు ఇంటిపేరు తప్పుగా పడినందుకు తండ్రి పడిన బాధ ఉంటుంది, ఫొటో పడిన రెండో రోజే వీధి దీపం వెలిగిన సంతోషమూ ఉంటుంది. ఈ మాటలను ఒక పద్ధతి ప్రకారం అడిగి, రాసుకుని, పత్రిక దాకా చేర్చాలనుకునే గ్రంథాలయ పాఠకులు, పొదుపు సంఘాల బాధ్యులు, జర్నలిజం విద్యార్థులు, చిన్న వారపత్రికలు నడిపే సంపాదకుల కోసం ఈ వ్యాసం రాస్తున్నాను. మా మండల కేంద్రంలోని శాఖా గ్రంథాలయంలో రోజూ కలిసే కొందరం ఈ పని రెండుసార్లు చేశాం. ఇక్కడ చెప్పేవాటిలో సగం, మొదటిసారి పొరపాట్లు చేసి నేర్చుకున్నవే.

పత్రికల దగ్గర పాఠకుల లెక్కలు ఉంటాయి కదా, మళ్లీ మనం అడగడం ఎందుకని కొందరికి అనిపించవచ్చు. ఆడిట్ బ్యూరో ఆఫ్ సర్క్యులేషన్స్ ధ్రువీకరించేది ఎన్ని ప్రతులు అమ్ముడయ్యాయన్న సంగతి; ఇండియన్ రీడర్‌షిప్ సర్వే అంచనా వేసేది ఎంతమంది చదువుతున్నారన్న సంగతి. ప్రకటనకర్తలకు ఆ రెండూ అవసరమే. అయితే మీ ఊరి వెనుక వీధిలో ఉండే కౌలు రైతు తన పంట నష్టం గురించి పడిన వార్తను నమ్మాడా లేదా అన్నది వాటిలో కనిపించదు. అది తెలియాలంటే ఆయన ఇంటికి వెళ్లి, ఎదురుగా కూర్చుని అడగవలసిందే.

ముందు పేజీని చదవాలి

మనుషులను అడగడానికి ముందు, కనీసం 4 వారాల జిల్లా పేజీలను మీరు వరుసగా చదివి ఉండాలి. శాఖా గ్రంథాలయాల్లో పాత సంచికలు కొంతకాలం దొంతరలుగా ఉంచుతారు. గ్రంథపాలకుడిని అడిగితే నెల రోజులవి తీసి ఇస్తారు. మొహమాటపడనక్కరలేదు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కడుతున్నది మనమే కనుక, ఆ బల్ల మీది పత్రిక ఊరందరిదీ. ఎన్నికల నెలను, జనవరి 26, ఆగస్టు 15లకు ముందూ వెనుకా ఉండే రోజులను ఈ పరిశీలనకు ఎంచుకోవద్దు. ఆ రోజుల్లో నాయకుల శుభాకాంక్షల ప్రకటనలే పేజీని ఆక్రమిస్తాయి కాబట్టి మామూలు రోజున ఆ పేజీ ఎలా ఉంటుందో మీకు తెలియదు.

చదువుతూ ఒక నోటు పుస్తకంలో ప్రతి వార్తకు ఎదురుగా నాలుగు సంగతులు రాసుకోవాలి. వార్త ఏ ఊరిది, అందులో మాట్లాడింది ఎవరు, అదే విషయం మీద తరువాత మరో వార్త వచ్చిందా, అదే వ్యక్తి లేదా సంస్థ ప్రకటన అదే వారంలో కనిపించిందా అన్నవి ఆ నాలుగు. రెండో గడి చాలా ముఖ్యం. "అధికారులు చర్యలు తీసుకోవాలని నాయకులు డిమాండ్ చేశారు" అన్న వాక్యంతో ముగిసే వార్తలు నెలలో ఎన్ని ఉన్నాయో, సమస్యతో నిత్యం బతుకుతున్న మనిషి తన నోటితో చెప్పిన వార్తలు ఎన్ని ఉన్నాయో పక్కపక్కన పెట్టి చూస్తే, పేజీ ఎవరి వైపు నుంచి ఊరిని చూస్తోందో మీకే అర్థమవుతుంది. మూడో గడిలో చాలా చోట్ల ఖాళీ మిగులుతుంది, అది సహజం. ఒక కల్వర్టు కూలిందని వార్త రాయడం తేలిక; ఆరు నెలల తరువాత వెళ్లి అది కట్టారో లేదో చూసి రాయడానికి విలేకరికి తీరిక, వార్తలు దిద్ది పేజీ కట్టే జిల్లా డెస్కుకు చోటు, రెండూ కావాలి.

దీనికి జంటగా రెండో పుస్తకం ఒకటి పెట్టుకోవాలి. ఆ నెల రోజుల్లో మీ ఊళ్లో జరిగి, పేజీలో పడని సంగతులు అందులో రాయాలి. ధాన్యం కొనుగోలు కేంద్రంలో లారీలు రాక బస్తాలు వారం రోజులు ఎండకు ఎండటం, పాఠశాలలో మధ్యాహ్న భోజనం వండే ఆమెకు బిల్లులు ఆగిపోవడం, గ్రామసభ జరగకుండానే జరిగినట్లు సంతకాలు తీసుకోవడం వంటివి ఏ ఊళ్లోనైనా ఉంటాయి. వీటిని ఊహించి రాయకూడదు. చూసినవారిని, అనుభవించినవారిని అడిగి తేదీతో సహా రాయాలి. మొదటిసారి మేము ఈ రెండో పుస్తకం పెట్టుకోలేదు. అందువల్ల పేజీలో ఉన్న వార్తల మీద అభిప్రాయాలైతే వచ్చాయి కానీ, లేని వార్తల గురించి ఒక్క మాట కూడా రాలేదు. ఊరివాళ్ల అసలైన అసంతృప్తి అంతా ఆ రాని వార్తల దగ్గరే ఉందని రెండోసారి తెలిసింది.

ఏది మన పేజీ

ఏ పత్రిక, ఏ సంచిక, ఏ పేజీ అన్నది ముందుగా తేల్చుకోవాలి. 1989లో ఈనాడు జిల్లాకొక చిన్న సంచికను ప్రధాన పత్రికతో కలిపి ఇవ్వడం మొదలుపెట్టాక, మిగతా తెలుగు దినపత్రికలు కూడా ఆ దారి పట్టాయి. తరువాత జిల్లా లోపల కూడా ప్రాంతాల వారీగా పేజీలు మారుతూ వచ్చాయి. కాబట్టి పక్క నియోజకవర్గంలో కొన్న ప్రతిలో మీ ఊరి వార్త ఉండకపోవచ్చు. ఇది తెలియని పాఠకుడు "మనది వేయలేదు" అంటాడు. అదే వార్త వేరే పేజీలో అచ్చయి ఉంటుంది. 2016 అక్టోబరులో తెలంగాణలోని 10 జిల్లాలు 31 అయినప్పుడు, ఆ తరువాత 33 అయినప్పుడు, 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లోని 13 జిల్లాలు 26 అయినప్పుడు, పాఠకుల జిల్లా ఒక్క రోజులో మారిపోయింది. వారి సంత, చుట్టరికాలు, ఆసుపత్రి మాత్రం పాత జిల్లాలోనే ఉండిపోయాయి. 2022లో ప్రకాశం జిల్లా నుంచి నెల్లూరు జిల్లాలోకి మారిన కందుకూరు వంటి చోట ఉండే పాఠకుడికి ఒంగోలు వార్తలు కావాలా, నెల్లూరు వార్తలు కావాలా, రెండూనా అన్నది నేరుగా అడగవలసిన ప్రశ్న. దానికి జవాబు ఊరికొక రకంగా ఉంటుంది.

మీ ప్రాంతంలో స్థానిక వారపత్రికలో, పక్షపత్రికలో ఉంటే వాటిని వదిలిపెట్టవద్దు. స్థానిక పత్రిక అంటే పెద్ద పత్రికలు ఇచ్చే జిల్లా పేజీ మాత్రమే కాదు. 1922లో ఒద్దిరాజు సోదరులు ఇనుగుర్తి గ్రామం నుంచి తెనుగు పత్రికను, అదే ఏడాది షబ్నవీసు వెంకటరామ నరసింహారావు నల్లగొండ నుంచి నీలగిరి పత్రికను నడిపారు. నెల్లూరులో జమీన్ రైతు స్వాతంత్ర్యానికి ముందు మొదలైన వారపత్రిక. 2001లో చిత్తూరు జిల్లాలో పల్లె మహిళలే విలేకరులై నవోదయం పత్రికను తెచ్చారు. తమ మధ్య ఉండే మనిషి నడిపే పత్రిక గురించి జనం మాట్లాడే తీరు, దూరాన ఉన్న కార్యాలయం నుంచి వచ్చే పేజీ గురించి మాట్లాడే తీరు ఒకటి కాదు. రెండింటినీ వేర్వేరు కాగితాల మీద రాసుకోవాలి.

ఎవరిని అడగాలి

చందాదారుల జాబితాతో మొదలుపెట్టడం చాలామంది చేసే పని. అది సరిపోదు. హోటల్లో ఒకే ప్రతి పదిమంది చేతులు మారుతుంది; సెలూన్‌లో వంతు కోసం కూర్చున్నవాడు జిల్లా పేజీ మాత్రమే లాక్కుని చదువుతాడు; ఇంట్లో కొడుకు చదివి వినిపిస్తే తల్లి వింటుంది. వినేవారిని పాఠకులుగా లెక్కించకపోతే ఊళ్లో సగం మంది తప్పిపోతారు. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1990ల తొలినాళ్లలో సారా వ్యతిరేక ఉద్యమాన్ని మొదలుపెట్టిన ఆడవాళ్లలో చాలామంది అప్పుడప్పుడే అక్షరాస్యతా తరగతుల్లో అక్షరాలు నేర్చుకుంటున్నవారు. వారి వార్త జిల్లా పేజీల్లో పడటం, దాన్ని పక్క ఊళ్ల ఆడవాళ్లు చదివించుకుని వినడం, తామూ సారా దుకాణాల ముందుకు రావడం ఒకదాని వెంట ఒకటి జరిగాయి. 1993లో సారా నిషేధం వచ్చింది. స్థానిక వార్తకు ఎంత బలం ఉంటుందో తెలిసినవారు చందా కట్టినవారే కావాలని లేదు.

ఒక మోస్తరు ఊరికి 40 మంది చాలు. ఆ 40 మందిని ఎలా ఎంచుకుంటామన్నదే అసలు పని. ఊరి పటం ఒక కాగితం మీద గీసి, ప్రతి వీధికీ, ప్రతి వాడకూ కొన్ని ఇళ్లు కేటాయించుకోవాలి. ఎస్సీ వాడ, తండా, ఊరి చివరి కొత్త కాలనీ, ఇవన్నీ పటంలో కచ్చితంగా ఉండాలి. తెలిసినవారి ఇళ్లకే వెళ్లే అలవాటును ఈ పటమే అడ్డుకుంటుంది. ఆడవాళ్లు సగం మంది ఉండాలంటే వేళ చూసుకోవాలి. ఉదయం తొమ్మిదింటికి తలుపు తడితే మగవాళ్లే మాట్లాడతారు, వంటింట్లో ఉన్న ఆమె "మా ఆయన్ని అడగండి" అంటుంది. పొదుపు సంఘం నెలవారీ సమావేశం ముగిశాక పది నిమిషాలు అడిగి తీసుకుంటే, ఉపాధి హామీ పని దగ్గర కూలీలు చెట్టు కింద కూర్చున్నప్పుడు వెళితే, ఆమే తన మాట తాను చెబుతుంది.

ఊరు విడిచి వెళ్లినవారిని కూడా కొందరిని కలుపుకోవడం మంచిది. జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి దుబాయికి, కడప, కోనసీమల నుంచి కువైట్‌కు వెళ్లినవారిలో ఎంతోమంది పొద్దున్నే ఫోన్‌లో ఈ-పేపర్ తెరిచి ముందుగా చూసేది సొంత జిల్లా పేజీనే. ఊరికి దూరంగా ఉన్నవాడు ఆ పేజీలో వెతికేవి వేరు. చావు కబుర్లు, వాన, చెరువు నిండిందా, తెలిసిన ముఖం ఏదైనా కనిపిస్తుందా అన్నవి అతడికి కావాలి. వాట్సాప్‌లో ఒక ఐదు ప్రశ్నలు పంపి, జవాబును రాయమనకుండా గొంతుతో చెప్పి పంపమంటే, రాయడానికి బద్ధకించేవారు కూడా మనసు విప్పి మాట్లాడతారు.

ఎలా అడగాలి

"మీకు పత్రిక నచ్చిందా?" అని అడిగితే "బాగానే ఉంది" అన్న జవాబే వస్తుంది. "పత్రిక నిష్పక్షపాతంగా ఉందా?" అని అడిగితే ఆయన ఏ పార్టీ అభిమానో తెలుస్తుంది తప్ప పత్రిక సంగతి తెలియదు. తెలుగు నేల మీద ఏ పత్రిక ఎవరి వైపు ఉంటుందన్న అభిప్రాయం ప్రతి ఒక్కరి మనసులో ముందే స్థిరపడిపోయి ఉంటుంది. మొదటి పేజీ మీద ఉన్న ఆ కోపమో అభిమానమో జిల్లా పేజీ మీదికి జారకుండా చూసుకోవడం ఈ పనిలో అన్నింటికన్నా కష్టమైన భాగం. దానికి మాకు పనికొచ్చిన ఉపాయం ఒకటుంది. పత్రిక పేరు ఎత్తకుండా, గత వారం జిల్లా పేజీని వారి ముందు పరచి, వేలు పెట్టి చూపించి అడగడం. పేజీ కళ్లెదుట ఉంటే జవాబు ఆ వార్త గురించే వస్తుంది.

మొదటి ప్రశ్నగా "ఈ పేజీలో మీకు ముందే తెలిసిన సంగతి ఏది, పత్రిక వల్లే తెలిసినది ఏది?" అని అడగండి. చాలా పేజీల్లో మొదటి రకమే ఎక్కువ ఉంటుంది. ఊరివాళ్లకు ముందే తెలిసిన వార్తను పత్రిక వేసినందుకు వారు సంతోషించేది, ఆ సంగతి పై అధికారికి కూడా తెలుస్తుందన్న ఆశతోనే. ఆ తేడాను పట్టుకుని రెండో ప్రశ్న వేయాలి: "మీ వీధి గురించి ఈ ఏడాది ఏదైనా వార్త పడిందా? పడ్డాక ఏం జరిగింది?" దీనికి వచ్చే జవాబును ఎంత ఓపికగా వింటే అంత మంచిది. ఎవరు వచ్చారు, ఎన్నాళ్లకు వచ్చారు, ఫొటో తీసుకుని వెళ్లిపోయారా లేక పని జరిగిందా, వార్త చెప్పినందుకు ఎవరైనా బెదిరించారా అన్నవన్నీ ఇక్కడే బయటపడతాయి. వార్త పడినందుకు పింఛను ఆగిపోతుందేమోనని భయపడే ముసలావిడ ఉన్న చోట, పత్రిక మీద అభిప్రాయం అంటే ఆ భయం కూడా.

తరువాత పేర్ల గురించి అడగాలి. "మీ పేరుగానీ, ఇంట్లోవాళ్ల పేరుగానీ ఎప్పుడైనా పత్రికలో పడిందా? సరిగ్గా పడిందా?" అన్న ప్రశ్న పైకి చిన్నగా కనిపిస్తుంది. జిల్లా పేజీల మీద మనుషులకు ఉండే మమకారానికీ, గాయానికీ అదే తాళం చెవి. పదో తరగతి మార్కుల ఫొటో కత్తిరించి గోడకు అంటించుకున్న ఇల్లు, అదే వీధిలో ఆత్మహత్య వార్తలో కుటుంబ కలహాలని ఒక్క ముక్క రాసేసినందుకు పత్రిక మానేసిన ఇల్లు, రెండూ మాకు కనిపించాయి. రెండో ఇంట్లో ఆ తల్లి మాతో అన్నది ఒక్కటే, రాసే ముందు ఎవరూ తన గడప తొక్కలేదని. ఇలాంటి చోట ప్రశ్నావళి పక్కన పెట్టేయాలి. దుఃఖంలో ఉన్నవారి దగ్గర మిగతా ప్రశ్నలు పూర్తి చేయాలని చూడటం తప్పు.

ఆపైన మీ రెండో పుస్తకం తీసి, పేజీలో పడని సంగతులను ఒక్కొక్కటిగా చెప్పి, "ఇది పడవలసిందేనా? ఎందుకు పడలేదనుకుంటున్నారు?" అని అడగండి. జవాబులు మీరు అనుకున్నదానికి భిన్నంగా రావచ్చు. మేము ముఖ్యమనుకున్న ఒక సంగతిని "అది మా ఇంటి గొడవ, పత్రికకెందుకు" అని కొట్టిపారేసినవారున్నారు. మేము పట్టించుకోని బస్సు వేళల మార్పును మాత్రం ముగ్గురు నలుగురు ఎత్తి చూపారు. చివరగా, "ఏదైనా జరిగితే విలేకరికి మీరే చెప్పగలరా? ఎవరి ద్వారా చెబుతారు?" అని అడగాలి. విలేకరి నంబరు తన ఫోన్‌లో ఉన్న మనిషికీ, సర్పంచి ద్వారానో పార్టీ మనిషి ద్వారానో మాత్రమే చెప్పుకోగల మనిషికీ ఆ పేజీ ఒకేలా కనిపించదు. ఈ ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబులను వీధుల వారీగా విడదీస్తే, ఊళ్లో ఎవరి గొంతు పేజీ దాకా వెళుతుందో పటం మీదే గుర్తు పెట్టుకోవచ్చు.

అడిగే చోట గురించి ఒక హెచ్చరిక. మొదటిసారి మేము బస్టాండు దగ్గర టీ కొట్టులో కూర్చుని అడిగాం. స్థానిక విలేకరులిద్దరు అక్కడే ఉన్నారు. ఆ రోజు పొగడ్త తప్ప ఇంకేమీ వినపడలేదు. అది వారి తప్పూ కాదు, మాట్లాడినవారి తప్పూ కాదు. రేపు అవసరం పడే మనిషి ముందు ఎవరూ నిజం చెప్పరు. అందుకని విలేకరులు, ఏజెంట్లు, రాజకీయ నాయకులు ఎదురుగా లేని చోటే మాట్లాడాలి. అడిగేవారు ఇద్దరుండి, ఒకరు మాట్లాడుతుంటే మరొకరు రాసుకోవడం వల్ల సంభాషణ తెగదు. ఫోన్‌లో రికార్డు చేయాలంటే ముందే చెప్పి ఒప్పించుకోవాలి; వద్దంటే రాసుకోవడమే.

విలేకరి వైపు కూడా వినాలి

జనం మాటలు విన్నాక కోపమంతా మండల విలేకరి మీదికి వెళుతుంది. చాలా మండలాల్లో విలేకరికి నెల జీతం ఉండదు. అచ్చయిన వార్తల నిడివిని బట్టి వచ్చే 'లైన్ అకౌంట్', తెచ్చిన ప్రకటనల మీద కమీషన్, ఇవే రాబడి. పండుగలకూ జాతీయ దినాలకూ ప్రకటనల టార్గెట్ ఉంటుంది. ఏ నాయకుడి దగ్గర ప్రకటన అడగాలో ఆ నాయకుడి గురించే నిజం రాయవలసి రావడం అతడికి రోజూ ఉండే చిక్కు. పైగా అతడు పంపినదంతా అచ్చుకాదు. జిల్లా డెస్కులో కోతపడుతుంది, శీర్షిక మారుతుంది, ఒక్కోసారి అర్థమే మారుతుంది. కనుక జనాన్ని అడగడం పూర్తయ్యాక, రాయడం మొదలుపెట్టకముందు, విలేకరులతో విడిగా కూర్చుని పడని వార్తల జాబితా చూపించి, వీటిలో మీరు పంపినవి ఏవి, మీకు తెలియనే తెలియనివి ఏవి అని అడగాలి. మా విషయంలో జాబితాలో కొన్ని మా విలేకరి పంపినవేనని, అవి డెస్కు దాటలేదని తేలింది. అది తెలియకపోతే మేము ఒక మంచి మనిషి మీద అన్యాయంగా రాసి ఉండేవాళ్లం.

అదే సమయంలో డబ్బులు తీసుకుని వార్త వేశారనో, వేయలేదనో ఎవరైనా చెబితే దాన్ని తేలికగా తీసుకోకూడదు, తొందరపడి రాసేయనూకూడదు. 2009 ఎన్నికల తరువాత చెల్లింపు వార్తల మీద దేశమంతటా చర్చ జరిగింది, పత్రికల ప్రవర్తన మీద ఫిర్యాదులు వినే ప్రెస్ కౌన్సిల్ 2010లో నివేదిక ఇచ్చింది. ఆ రోగం లేదని ఎవరూ అనలేరు. కానీ ఆధారం లేని ఆరోపణను అభిప్రాయాల నివేదికలో పేరుతో చేర్చడం చట్టపరంగానూ ధర్మంగానూ తప్పు. "డబ్బు ఇస్తే వార్త పడుతుందన్న నమ్మకం ఇంతమందిలో ఉంది" అని మాత్రం రాయవచ్చు, రాయాలి. ఆ నమ్మకం ఉండటమే పత్రిక పట్టించుకోవలసిన సంగతి.

రాసేటప్పుడు

జవాబులను శాతాల్లోకి మార్చవద్దు. 40 మందిలో 10 మంది ఒక మాట అంటే "40 మందిలో 10 మంది" అనే రాయండి. 25 శాతం అని రాస్తే ఊరంతటినీ కొలిచినట్లు చదివేవారు పొరపడతారు. మనుషుల మాటను వారి మాటలోనే ఉంచాలి. "మా మొఖం సూసినోడు లేడు, మా గురించి ఏం రాస్తడు" అని ఒకామె అంటే, దాన్ని "స్థానికులు నిర్లక్ష్యానికి గురవుతున్నట్లు భావిస్తున్నారు" అని దిద్ది రాయడం ఆమె నోటి దగ్గరి మాట లాక్కోవడమే. పేరు రాయవద్దు, గుర్తుపట్టేంత వివరమూ ఇవ్వవద్దు. వీధి, వయసు ఎంతో సుమారుగా, చేసే పని, ఇంతవరకు చాలు. తండాలో ఒకే ఒక్క అంగన్‌వాడీ కార్యకర్త ఉన్నప్పుడు "తండా అంగన్‌వాడీ కార్యకర్త" అని రాస్తే పేరు రాసినట్లేనని గుర్తుంచుకోవాలి. మెచ్చుకున్న మాటలను కూడా అంతే శ్రద్ధగా చేర్చండి. ఏ వార్త వల్ల ఏ పని జరిగిందో తేదీలతో చెప్పిన ఒక పేజీ, జిల్లా డెస్కులో ఉన్నవారికి ఏ పురస్కారం కన్నా ఎక్కువ.

పత్రికకు చేర్చడం

నివేదిక ఆరేడు పేజీలు దాటకూడదు. మొదటి పేజీలో ఊరివాళ్లు అడిగిన మార్పులు ఉండాలి, అవీ చేయదగినవై ఉండాలి. చావు వార్తల్లో పేర్లు ఇంటివాళ్లను అడిగి సరిచూడటం, పేజీలో విలేకరి ఫోన్ నంబరు వారానికొకసారి వేయడం, గత మూడు నెలల్లో రాసిన సమస్యల్లో ఏవి తీరాయో చెప్పే ఒక చిన్న శీర్షిక, తప్పు పడితే అదే పేజీలో సవరణ, ఇలాంటివి డబ్బు ఖర్చు లేకుండా జరిగేవి. దీన్ని ముందుగా జిల్లా డెస్కు ఇన్‌చార్జికి స్వయంగా ఇచ్చి మాట్లాడాలి. ఒక ప్రతి సంపాదకుడికి పోస్టులో పంపాలి. చట్టం ప్రకారం ప్రతి పత్రికా తన ముద్రాపకుడు, ప్రచురణకర్త, సంపాదకుల పేర్లను, అచ్చయిన చోటును ప్రతి సంచికలో ప్రకటించాలి. సాధారణంగా చివరి పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉండే ఆ వరుసే మీకు చిరునామా.

అభిప్రాయానికీ ఫిర్యాదుకూ తేడా ఉంది. ఎవరి గురించైనా తప్పుడు వార్త పడి, వారు న్యాయం కోరుతుంటే, దాన్ని నివేదికలో కలపకుండా వేరుగా నడపాలి. ముందు సంపాదకుడికి లిఖితపూర్వకంగా రాసి సవరణ కోరాలి. జవాబు రాకపోయినా, వచ్చింది తృప్తినివ్వకపోయినా ప్రెస్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు ఫిర్యాదు చేయవచ్చు. దినపత్రికలు, వారపత్రికల విషయంలో వార్త అచ్చయిన నాటి నుంచి 2 నెలల్లోగా, మిగతా పత్రికల విషయంలో 4 నెలల్లోగా చేయాలి. ఆ కౌన్సిల్ పత్రికను హెచ్చరించగలదు, మందలించగలదు, అభిశంసించగలదు, జరిమానా వేయలేదు. ఈ సంగతి బాధితులకు ముందే చెప్పాలి. గడువు తెలియక ఆలస్యమైనవారూ, పరిహారం వస్తుందని ఆశపడినవారూ తరువాత మన మీద నమ్మకం పోగొట్టుకుంటారు.

పత్రికకు ఇచ్చిన రోజే ఊరికి కూడా చెప్పాలి. ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే గ్రంథాలయ వారోత్సవాలు దీనికి అనువైన వేళ. మాట్లాడిన 40 మందినీ పిలిచి, నివేదికను గట్టిగా చదివి వినిపించి, "మీరు చెప్పింది ఇదేనా?" అని అడగాలి. కొందరు తమ మాట మార్చుకుంటారు, కొందరు కొత్తది చేరుస్తారు, రెండింటినీ రాసుకోవాలి. విలేకరులను ఆ సభకు పిలవాలా వద్దా అన్నది మాట్లాడినవారు నిర్ణయించాలి. మా ఊళ్లో పిలవమన్నారు. వచ్చిన విలేకరి వెనుక వరుసలో కూర్చుని అంతా విన్నాడు. వెళ్లేటప్పుడు తండా నుంచి వచ్చిన ఇద్దరు ఆడవాళ్లకు తన నంబరు కాగితం మీద రాసి ఇచ్చాడు.

ఆరు నెలల తరువాత అవే ఇళ్లకు, అదే పటం పట్టుకుని మళ్లీ వెళ్లాలి. అన్ని ప్రశ్నలూ అక్కరలేదు. ఆ నెల జిల్లా పేజీలు నాలుగు వారాలవి చదివి, మాట్లాడింది ఎవరన్న గడిని పాత పుస్తకంలోని గడి పక్కన పెట్టుకుని, ప్రతి ఇంట్లోనూ చివరి ప్రశ్న ఒక్కటే అడిగితే చాలు: ఏదైనా జరిగితే ఇప్పుడు మీరే విలేకరికి చెప్పగలరా?